ముప్పై వంతులు

అక్టోబర్ 3

ఈ పుస్తకంలో ఆట సంగతులు తప్ప ఇంకేమీ రాయకూడదు. మొదటి పేజీలోనే రాసిపెడుతున్నాను. మాట తప్పితే నన్ను నేను తిట్టుకోవడానికి ఆధారం ఉంటుంది.

ఆట పేరు ఏడు కోటలు. ఫోన్‌లో పటం, పటం నిండా గళ్ళు. ఉత్తరం వైపు మా ఆయన సైన్యం, దక్షిణం వైపు నాది. ఒక వంతు తనది, ఒక వంతు నాది. మూడు రోజుల్లోపు వంతు ఆడనివాళ్ళు ఓడిపోయినట్టే. మన మనుషుల కంటికి ఆనని చోటంతా పొగమంచు కప్పేసి ఉంటుంది. దాని వెనకాల అవతలివాడు ఏం చేస్తున్నాడో దేవుడికే తెలియాలి.

ఈ యుద్ధం మొదలుపెట్టినప్పుడు ఒకే సోఫాలో చెరో మూల కూర్చుని ఆడేవాళ్ళం. తను ఇల్లు వదిలి ఇవాళ్టికి పదకొండు రోజులు. బట్టలు, పనిముట్ల పెట్టె, షేవింగ్ సామాను తీసుకెళ్ళాడు. ఆట ఆపేద్దామా అని అడగలేదు. నేనూ అడగలేదు. ఇంతవరకూ ఒక్క వంతు కూడా తప్పలేదు.

గెలవాలి. ఈ పుస్తకం అందుకే.

అక్టోబర్ 5

పెళ్ళైన కొత్తలో తను రాసిచ్చిన పదమూడు చిట్కాలు ఫ్రిజ్ మీద ఇంకా అలాగే అంటించి ఉన్నాయి. తను లిఫ్టు మెకానిక్. చేతికి దొరికిన సర్వీసు ఫారం వెనకవైపు రాశాడు. కాగితం తిప్పితే "తలుపు చప్పుడు చేయుచున్నది, నూనె వేయడమైనది" అని ఉంటుంది. పెళ్ళికి వచ్చిన కానుకల్లో నాకు బాగా నచ్చింది అదే.

ముందు బావులూ వంతెనలూ పట్టుకో, కోటలు వాటంతట అవే వస్తాయి. విలుకాళ్ళను ఎప్పుడూ గుట్ట మీదే నిలబెట్టు. డ్రాగన్ ఒకసారి నిప్పు కక్కితే రెండు వంతులు లేవదు, కోపం వచ్చింది కదా అని వదిలెయ్యకు. వైద్యురాలిని ముందు వరసలో పెట్టకు, ఆవిడ పోతే అందరూ పోతారు. పారిపోయేవాణ్ణి అడవిలోకి తరమకు.

పదకొండోది: నీకేం కావాలో అవతలివాడికి తెలియనివ్వకు.

ఆ ఒక్కటీ మా ఇద్దరికీ బాగా ఒంటబట్టింది.

అక్టోబర్ 6

తను ఆడాడు. నా తూర్పు వంతెన పక్కనే తన డ్రాగన్ ఉంది. ఒక్క ఊపిరి చాలు, వంతెన బూడిద. తగలబెట్టలేదు. రెండు గళ్ళు వెనక్కి తీసుకెళ్ళాడు.

పొరపాటున అయ్యుంటుంది.

అక్టోబర్ 9

పొరపాటు కాదు. ఇవాళ కూడా కొట్టగలిగి కొట్టలేదు. వర్క్‌షాపులో రోజంతా అదే ఆలోచన.

మాది కళ్ళజోళ్ళ వర్క్‌షాపు. ఫ్రేముకు తగ్గట్టు అద్దాలు సానబెట్టడం నా పని. ఇవాళ ఒకావిడ జోడులో ఎడమ అద్దం కుడివైపు, కుడి అద్దం ఎడమవైపు బిగించాను. ఆవిడ పెట్టుకుని, "నేల ఒంకరగా ఉందేంటండీ?" అని గోడ పట్టుకుంది. షాపు పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. తిడతాడనుకున్నాను. "ఇంకో వారం సెలవు తీసుకోమ్మా" అన్నాడు. ఈ మధ్య నన్నెవరూ తిట్టడం లేదు.

సెలవెందుకు? ఇంట్లో కూర్చుని గోడలకు పవర్ చూడాలా?

అక్టోబర్ 14

పన్నెండో చిట్కా: ఒక వేగును ఎప్పుడూ ఇంటి దగ్గరే ఉంచుకో.

వేగు అంటే సైన్యంలో అందరికన్నా చిన్నది. వేగంగా పరిగెత్తుతుంది, దూరం చూస్తుంది, ఒక్క బాణం తగిలితే చచ్చిపోతుంది. అందుకే దక్షిణపు కోటలో లోపలి గదిలో ఒకదాన్ని పెట్టాను. చుట్టూ గోడ. తలుపు దగ్గర వైద్యురాలు. ఈ ఆటలో సైనికులకు మనకు నచ్చిన పేర్లు పెట్టుకోవచ్చు. దానికీ ఒక పేరు పెట్టాను.

ఆ పేరు ఇక్కడ రాయను. ఇది ఆట పుస్తకం.

అక్టోబర్ 15

ఏమీ లేదు.

అక్టోబర్ 20

నా గుర్రపు దళాన్ని నది దాటించి తన పాత బావి దాకా తీసుకెళ్ళాను. అక్కడెవరూ లేరు! ముందు వంతు దాకా కాపలా ఉండేది. మొత్తం ఎత్తేసి ఉత్తరం కొండల వెనక్కి వెళ్ళిపోయాడు. నాకు దారి ఇస్తున్నాడు.

నేనేం తక్కువ తిన్నానా? బావి పట్టుకోకుండా గుర్రాలను వెనక్కి తిప్పాను. చిట్కాల ప్రకారం ఇది శుద్ధ తెలివితక్కువ పని. కానీ అవతలివాడు మర్యాద చేస్తుంటే మీద పడి తినెయ్యడం ఏం బాగుంటుంది?

ఫోన్ చేస్తే మాట్లాడడు. మెసేజ్ పెడితే "సరే" అంటాడు. ఇక్కడ మాత్రం మాట్లాడుతున్నాడు. నాకు తెలుస్తోంది.

అక్టోబర్ 27

రెండు రోజులైంది, తన వంతు రాలేదు. ఒంట్లో బాగాలేదేమో. ఇంకెక్కడైనా... లేదు. పని ఎక్కువుండి ఉంటుంది. పెద్ద భవనాలలో లిఫ్టు ఆగితే ఊపిరి తీసుకోనివ్వరు.

అక్టోబర్ 28

సరిగ్గా మూడో రోజు మధ్యాహ్నం ఆడాడు. ఒక్క వైద్యురాలిని ఒక్క గడి జరిపాడు, అంతే. ఆ ఒక్క గడి చూసి బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను.

ఆట మిగిలి ఉన్నందుకు. గెలిచే అవకాశం పోలేదు కదా, అందుకు.

నవంబర్ 2

వదిన వచ్చింది. వదిన అంటే తన అక్క. తను ఇప్పుడు ఉంటున్నది వాళ్ళింటి మేడ మీద గదిలోనే. చెప్పులు విప్పకముందే మొదలుపెట్టింది.

"ఏమే, ఆ రాక్షసుల ఆట ఇంకా ఆడుకుంటున్నారటగా? మొగుడూ పెళ్ళాలు విడిపోతారు గానీ ఆట మాత్రం వదలరు. ఇదెక్కడి చోద్యమే!"

"అది వేరు, ఇది వేరు వదినా."

"ఏం వేరు? వాడు మేడ మీద కూర్చుని ఫోన్ చూస్తూ ఉంటాడు. ఏంట్రా అంటే ఆట అంటాడు. నువ్వూ అంతే. అసలు మీరు ఎందుకు విడిపోతున్నారో నాకొక్కసారి చెప్పు. కొట్టాడా?"

"లేదు."

"తిట్టాడా? నువ్వు తిట్టావా?"

"మేమెప్పుడూ పోట్లాడుకోలేదు వదినా. ఆరేళ్ళలో ఒక్కసారి కూడా." కొంచెం గొప్పగానే చెప్పాను.

వదిన నా మొహం చూసింది. "అదేనే మీ రోగం. పోయినేడు ఆగస్టులో పాప పోయింది. తొమ్మిది రోజుల పిల్ల. మా అమ్మ పోయినప్పుడు నేనూ మీ అన్నయ్యా నెల రోజులు కుక్కల్లా కొట్టుకున్నాం, ఆసుపత్రి మార్చలేదని నేను, నువ్వే వద్దన్నావని ఆయన. మీరేమో ఆ పిల్ల ఊసే ఎత్తకుండా ఒకర్నొకరు పువ్వుల్లో పెట్టి చూసుకున్నారు. అలా చూసుకునీ చూసుకునీ విడిపోయారు."

టీ చల్లారిపోయింది. మళ్ళీ పెట్టి ఇచ్చాను.

ఆట సంగతులు తప్ప ఇంకేమీ... సరే. రాశాను కదా, ఇంక దాచేదేముంది?

నవంబర్ 3

ఒక్కసారి రాసి, మళ్ళీ ఆటలోకి వెళ్ళిపోతాను.

నేను ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చేసరికి ఉయ్యాల లేదు. పడగ్గది నేల మీద నాలుగు కాళ్ళ గుర్తులు మాత్రం ఉన్నాయి. నేను చూసి బాధపడతానని తనే తీయించేసి ఉంటాడు. ఎక్కడ పెట్టావని అడగలేదు. అడిగితే తను బాధపడతాడని. పాప బట్టలు ఆసుపత్రిలో ఇచ్చేశానని తనకు చెప్పాను. ఇవ్వలేదు. నా చీరల కింద ఉన్నాయి, ఏడు జతలు. తను చూస్తే తట్టుకోలేడని.

తర్వాత ఒక ఏడాది పాటు "టీ తాగుతావా", "తాళం తీసుకెళ్ళు", "నీ వంతు". అంతే. ఒక రోజు తను "నేను కొన్నాళ్ళు అక్క దగ్గర ఉంటాను" అన్నాడు. "సరే, నీకెలా బాగుంటే అలా" అన్నాను. ఎంత మర్యాదో!

నవంబర్ 10

ఇరవై ఒక్క వంతులు. ఇద్దరిలో ఎవరికీ చిన్న గీత కూడా పడలేదు. ఏడు కోటల చరిత్రలో ఇలాంటి యుద్ధం ఇంకెవరూ చేసి ఉండరు.

నవంబర్ 16

ఇవాళ నేనొక తెలివైన పని చేశాను. విలుకాళ్ళను గుట్ట దింపి నట్టనడి మైదానంలో నిలబెట్టాను. మంత్రగత్తెను కూడా. చిన్నపిల్లాడైనా ఇద్దర్నీ ఒకే దెబ్బకు లేపేస్తాడు. తను ఎలా ఆడతాడో చూద్దామని. కొడితే సంగతి తేలిపోతుంది. నా మీద ఏమీ మిగల్లేదన్నమాట.

నవంబర్ 18

కొట్టలేదు!

డ్రాగన్ అక్కడే ఉంది. మూడు గళ్ళ దూరం. కదల్లేదు. మనసులో ఏమీ లేనివాడు అలా ఆడతాడా? రేపు పెద్ద షాపు వాళ్ళవి నలభై జోళ్ళు పూర్తిచెయ్యాలి. అన్నీ నేనే చేస్తానని పెద్దాయనకు చెప్పాను. "ఏంటమ్మా, ఇవాళ మొహం వెలిగిపోతోంది?" అన్నాడు. ఆటలో గెలుస్తున్నానని చెప్పాను.

నవంబర్ 23

లాయరు ఆఫీసు నుంచి గుమాస్తా ఫోన్ చేశాడు. డిసెంబర్ 11న ఇద్దరూ వచ్చి విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టాలట. ఆలోగా ఏదో ఒకటి జరుగుతుంది. ఇలా ఆడుకుంటూ పోతే చాలు. నేను ఓడిపోకూడదు, గెలవకూడదు. ఇది ఏ చిట్కాలోనూ లేదు, నేను కనిపెట్టుకున్నాను.

నవంబర్ 29

ఆట అయిపోయింది.

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా తెరిచి, నా వంతు ఆడి, "ముగించు" నొక్కాను. నొక్కగానే తెర మీద పెద్ద అక్షరాలు వచ్చాయి. "ముప్పై వంతులుగా ఎవరూ ఎవరినీ గాయపరచలేదు. యుద్ధం ముగిసింది. విజేతలు లేరు."

ఇలాంటి నియమం ఒకటి ఉందని నాకు తెలీదు. తనకూ తెలీదేమో. ఆరేళ్ళుగా ఆడుతున్నాం, ఏనాడూ ముప్పై వంతులు కొట్టుకోకుండా ఆడింది లేదు. ఎలా తెలుస్తుంది?

వెనక్కి తిప్పడానికి ఏదైనా ఉందేమోనని అన్నీ నొక్కాను. ఏమీ లేదు. ఈ లోపల పొగమంచు తొలిగింది. ఆట అయిపోతే ఇద్దరికీ పటం మొత్తం కనిపిస్తుంది.

ఇప్పుడు రాయలేను.

నవంబర్ 30

నిన్న చూసింది రాస్తున్నాను.

డ్రాగన్ ఒక్కటి తప్ప తన సైన్యం మొత్తం వాయవ్య మూలలో ఉంది. కొండల వెనక, మూడు వైపులా రాళ్ళు. విలుకాళ్ళు, గుర్రాలు, రాక్షసులు, అందరూ గుండ్రంగా నిలబడి ఉన్నారు. బయటికి చూస్తూ. ఆ వలయం లోపల ఇద్దరు వైద్యురాళ్ళు. వాళ్ళ మధ్యలో, ఒక్క గడిలో, ఒక వేగు.

దాని పేరు మిణుగురు.

పాప ఆసుపత్రిలో అద్దాల పెట్టెలో ఉన్నన్నాళ్ళూ దాని కాలికి ఒక తీగ చుట్టి ఉండేది. తీగ కొసన ఎర్రటి దీపం. అరికాలు పారదర్శకంగా మెరిసేది. అద్దం మీద మొహం ఆనించి, తను, "మిణుగురు పురుగులా ఉంది చూడు" అన్నాడు. రెండో రోజు. అప్పట్నుంచీ మిణుగురు అనే పిలుచుకున్నాం. పదో రోజు నుంచి ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

నా దక్షిణపు కోటలో ఉన్నదాని పేరూ అదే.

తను నా వంతెన తగలబెట్టకపోవడం నా కోసం కాదు. నా విలుకాళ్ళను వదిలెయ్యడం నా మీద ప్రేమతో కాదు. అసలు నావైపు చూడనే లేదు. కాపలా కాస్తున్నాడు. ముప్పై వంతులూ దానికి కాపలా కాశాడు. నేను ఉత్తరాలు చదువుకున్నట్టు చదువుకున్నాను. అవి నాకు రాసినవి కావు.

నేను మాత్రం తనకు రాశానా? నేనూ కోటలో దాన్ని దాచుకుని కూర్చున్నాను.

డిసెంబర్ 1

నాది తనకూ కనిపించి ఉంటుంది. ఫోన్ చేస్తాడు.

డిసెంబర్ 2

చెయ్యలేదు.

డిసెంబర్ 3

నేనే చేశాను. పొద్దున్న పదింటికి, వర్క్‌షాపు వెనక గదిలోంచి. తను ఏదో భవనం పైన లిఫ్టు మోటారు గదిలో ఉన్నాడు, మోత వినిపిస్తోంది. ఎలా ఉన్నావని అడగబోయాను. నోట్లోంచి ఇంకోటి వచ్చింది.

"ఉయ్యాల ఏం చేశావ్?"

మోటారు ఆపేశాడు. తర్వాత, "ఇచ్చేశాను" అన్నాడు.

"ఎవరికి? ఎవర్నడిగి ఇచ్చావ్? అది నీ ఒక్కడి ఉయ్యాలా?"

"నువ్వు చూడలేవని..."

"నేను చూడలేనని నీకెవరు చెప్పారు? నేను చెప్పానా? దాంట్లో ఒక్కసారి చెయ్యి పెట్టి చూసుకునేదాన్ని! ఖాళీదైనా సరే!"

అరిచాను. జీవితంలో మొదటిసారి తన మీద అరిచాను. అప్పుడు తనూ అరిచాడు. ఆ గదిలో ప్రతి మాటా రెండుసార్లు వినిపించింది.

"నువ్వు ఏడవలేదు! ఒక్కరోజు కూడా నా ముందు ఏడవలేదు. నువ్వు ఏడిస్తే నేనూ ఏడుద్దామని చూశాను. ఏడాది చూశాను. నువ్వేమో టీ తాగుతావా, టీ తాగుతావా... ఎంత టీ తాగుతానే మనిషిని!"

"నీ కోసమే ఏడవలేదు!"

"నా కోసం ఎవడు చెయ్యమన్నాడు?"

నలభై నిమిషాలు. అన్నీ వచ్చాయి. ఆ రాత్రి డాక్టరును ముందే పిలవాల్సిందని నేను, పిలిచానని తను. చివరి రోజు తను కింద ఫారాలు నింపుతూ ఉండిపోయాడని నేను. ఆ మాట అని ఉండాల్సింది కాదు. అన్నాను. బట్టలు నా దగ్గరే ఉన్నాయని చెప్పాను. ఎన్ని అని అడిగాడు. ఏడు జతలన్నాను. పసుపు రంగు టోపీ ఉందా అన్నాడు. ఉందన్నాను. అప్పుడు ఏడ్చాడు. నేనూ ఏడ్చాను. కుళాయి తిప్పుకోకుండానే.

తర్వాత ఇద్దరికీ ఓపిక అయిపోయింది. తనే మెల్లగా అన్నాడు.

"నాకు ఆ ఇంట్లోకి మళ్ళీ రావడం చేతకాదు. కోపంతో కాదు. నీ మొహం చూస్తే దాని మొహమే కనిపిస్తుంది. ఇంతకు ముందు చెప్పలేకపోయాను."

రమ్మని బతిమాలదామనుకున్నాను. కానీ మొదటిసారి తను నాకు నిజం చెప్పాడు. దాన్ని అబద్ధం చెయ్యమని ఎలా అడగను?

"సరే" అన్నాను. మర్యాదకు కాదు.

బయటికి వస్తే పెద్దాయన యంత్రం ఆపేసి నిలబడి ఉన్నాడు. అంతా విన్నట్టుంది. నా స్టూలు ముందుకు జరిపి వెళ్ళిపోయాడు.

డిసెంబర్ 8

పదమూడో చిట్కా ఇన్నాళ్ళూ చదివీ పట్టించుకోలేదు. "మరీ ఎక్కువగా కాపాడుకుంటూ కూర్చుంటే ఆట సాగదు." తన చేతి రాతే. రాసినవాడూ పాటించలేదు, చదివిన నేనూ పాటించలేదు.

డిసెంబర్ 11

సంతకాలకు వెళ్ళాం.

ఇద్దరం ఒకే బల్ల ముందు, పక్కపక్క కుర్చీల్లో. తను చిక్కిపోయాడు. గుమాస్తా కళ్ళజోడు ముక్కు మీదకు జారుతోంది, కాడలు వదులు. సరిచేసి ఇద్దామని చెయ్యి లాగింది. ఆయన కాగితం గడగడా చదువుకుంటూ పోయాడు. పేర్లు, వయసులు, పెళ్ళి తేదీ. "సంతానం, లేరు. ఆస్తి విషయంలో..."

"ఆగండి" అన్నాడు తను. "ఉంది."

గుమాస్తా తలెత్తాడు. "లేరనే కదా రాసిచ్చారు?"

"ఉంది. ఒక పాప. తొమ్మిది రోజులు."

"ఓ... అయ్యో పాపం. కానీ బాబూ, ఇది బతికున్న పిల్లల గురించి. ఎవరి దగ్గర ఉండాలి, ఏంటి అని. పోయినవాళ్ళను రాయరు."

"రాయండి" అన్నాను నేను.

"అమ్మా, మీకు అర్థం కావడం లేదు. కాగితం మొత్తం మళ్ళీ టైపు చెయ్యాలి. దానివల్ల మీకు ఒరిగేదేమీ లేదు."

"ఒరగడానికి కాదండీ," అన్నాడు తను, గొంతు పెంచి. "పుట్టింది కాబట్టి రాయమంటున్నాం. లేరు అని రాస్తే నేను సంతకం పెట్టను."

"నేనూ పెట్టను" అన్నాను.

గుమాస్తా మా ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు. "మీరసలు విడిపోవడానికే వచ్చారా?" అన్నాడు. ఆరేళ్ళలో మేమిద్దరం కలిసి ఇంకొకరితో పోట్లాడటం ఇదే మొదటిసారి. లోపల్నుంచి లాయరుగారు వచ్చి, సంగతి విని, "రాసెయ్యవయ్యా, పోయేదేముంది?" అన్నారు.

"పేరేంటి?" అన్నాడు గుమాస్తా, పెన్ను పట్టుకుని.

ఆసుపత్రి కాగితంలో "ఆడ శిశువు" అని మాత్రమే ఉంది. మంచి పేరు పెట్టేదాకా పాప ఆగలేదు. నేను తనవైపు చూశాను. తను నావైపు చూశాడు. ఇద్దరం ఒకేసారి చెప్పాం.

"మిణుగురా? ఇదేం పేరండీ?"

"అదే పేరు" అన్నాడు తను.

గంటసేపు బెంచీ మీద కూర్చున్నాం, కాగితం టైపై వచ్చేదాకా. తను టీ తెచ్చాడు. "తాగుతావా?" అని అడిగి, వెంటనే మొహం అదోలా పెట్టాడు. నాకు నవ్వొచ్చింది. సంచిలోంచి పసుపు టోపీ తీసి ఇచ్చాను. దాన్ని గుప్పిట్లో పెట్టుకుని, గుప్పిట జేబులో పెట్టుకుని, ఇంక బయటికి తీయలేదు. ఎడమ చేత్తో కాగితం పట్టుకోకుండానే సంతకం పెట్టాడు. కాగితం జరిగిపోతుంటే నేను పట్టుకున్నాను.

మెట్ల దగ్గర, "ఆట ఇంకోటి మొదలుపెడదామా?" అన్నాను. ఉండబట్టలేక.

"వద్దు" అన్నాడు. తర్వాత తను కుడివైపు వెళ్ళాడు, నేను ఎడమవైపు వచ్చాను.

డిసెంబర్ 12

కాగితం నకలు నాకొకటి ఇచ్చారు. పైన తన పేరు, దాని కింద నా పేరు, మూడో వరసలో మిణుగురు. ముగ్గురి పేర్లూ ఒకచోట ఉన్న కాగితం మా దగ్గర ఇదొక్కటే.

ఫ్రిజ్ మీద చిట్కాలు తీసేసి, దీన్ని అంటించాను.